క్రిస్మస్ కచేరీల రోజుల్లో గొంతుకు జలుబు చేస్తే
డిసెంబరులో విజయవాడ, గుంటూరు చర్చిల ఆవరణల్లో సహాయనిధి కచేరీలకు రాత్రి మంచులో వరుసగా పాడే గాయనీ గాయకులకు ఒక మాట. గొంతు బొంగురుపోయిందని గుసగుసగా మాట్లాడితే కొందరిలో స్వరతంత్రులపై ఒత్తిడి మరింత పెరుగుతుంది కనుక, మౌనంగా ఉండడమే మేలు. ఉప్పునీటి పుక్కిలింత హాయినిస్తుందే తప్ప స్వరతంత్రులను తాకదు. వాటికి నేరుగా తేమ అందించేది ఆవిరి. పాడే ముందు సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొద్దిగా ముంచి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అంటూ మంద్రం నుంచి మెల్లగా పైకి వెళ్లి దిగండి. బలవంతం లేకుండా గొంతు తేలికపడుతుంది. కీబోర్డు వాయించేవారిని అడిగి శ్రుతి ఒక మెట్టు తగ్గించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. జలుబు మాత్రల్లో కొన్ని గొంతును ఎండబెడతాయి కాబట్టి, వైద్యుణ్ణి అడిగే వేసుకోండి. పాడుతుంటే నొప్పి పుడితే మాత్రం ఆ సాయంత్రం పాటను బృందంలో మరొకరికి అప్పగించండి.