విశాఖ బీచ్ రోడ్డులో లాంగ్ రన్: 20 కిలోమీటర్లు తృప్తిగా పూర్తి చేయడం ఎలా

హాఫ్ మారథాన్‌కు గానీ మారథాన్‌కు గానీ సిద్ధమయ్యేవారికి వారాంతపు లాంగ్ రన్, అంటే నెమ్మదిగా సాగే సుదీర్ఘమైన పరుగు, శిక్షణలో ఆయువుపట్టు వంటిది. విశాఖపట్నంలో అందుకు బీచ్ రోడ్డును మించిన దారి లేదని నా దృఢమైన అభిప్రాయం. ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, సాగర్ నగర్ మీదుగా రుషికొండ చేరి వెనుదిరిగితే దాదాపు 20 కిలోమీటర్లు అవుతాయి. వెళ్లేటప్పుడు పొదుపు చేసిన శక్తితో తిరుగు దారిని నిబ్బరంగా పూర్తి చేయడంలోనే ఈ పరుగు తృప్తి అంతా ఉంది కనుక, ఏర్పాట్లన్నీ ఆ దృష్టితోనే చేసుకోవాలి.

ఇప్పటికే 15 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరుగెత్తగలిగినవారే రుషికొండ దాకా వెళ్లడం మంచిది. తక్కినవారు తెన్నేటి పార్కు దగ్గరే వెనుదిరిగి, వారానికి ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పున దూరం పెంచుకుంటూ, మూడు నాలుగు వారాలకొకసారి తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వాలి.

సముద్రం తూర్పు వైపున ఉండటం వల్ల సూర్యుడు పైకి వచ్చిన క్షణం నుంచే ఎండ నేరుగా ఒంటిమీద పడుతుంది, దారిలో నీడ తక్కువ. వేసవిలో 5:30 లోపే సూర్యోదయమవుతుంది కాబట్టి 4:30 కల్లా బయలుదేరాలి. జనవరిలో 5:30కు మొదలుపెట్టినా సరిపోతుంది. ఆర్కే బీచ్ దగ్గర ఉదయపు నడకకు వచ్చేవారి కోసం వాహనాలను ఆపుతారు గానీ ఆ పైన రాకపోకలు ఉంటాయి. అందువల్ల లేత రంగు దుస్తులు వేసుకుని, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి అంచున, అంటే వెళ్లేటప్పుడు సముద్రం పక్కన, వచ్చేటప్పుడు కొండల పక్కన పరుగెత్తాలి.

ఇక అసలు విషయం వేగం. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగే వేగమే లాంగ్ రన్‌కు తగిన వేగం. మారథాన్ పందెంలో పరుగెత్తే వేగం కంటే కిలోమీటరుకు 45 నుంచి 90 సెకన్లు నెమ్మదిగా వెళ్లినా తప్పు లేదు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగంలో గుండె మరింత శ్రమపడుతుంది. ఉక్కపోత ఉన్న రోజున గడియారాన్ని కాక ఊపిరిని నమ్మాలి. నైరుతి గాలి వీచే నెలల్లో మరొక చిక్కు ఉంది: తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కనుక రుషికొండ వైపు వెళ్లేటప్పుడు గాలి వీపును తోస్తుంది, పరుగు సులువనిపిస్తుంది, తిరుగు దారిలో అదే గాలి ఎదురవుతుంది. కైలాసగిరి పాదాన తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తు కూడా కాళ్లు అలసిన వేళ రెండోసారి పలకరిస్తుంది. అక్కడ అడుగులు చిన్నవి చేసి, వేగం తగ్గినా ఊపిరి సమంగా ఉండేలా ఎక్కాలి. ఆ మలుపు నుంచి కనిపించే సముద్రాన్ని చూడటానికైనా నెమ్మదించవచ్చు.

దాహం వేసేదాకా ఆగకుండా 20 నిమిషాలకొకసారి నాలుగైదు గుక్కలు తాగాలి. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం కాబట్టి వాటిలో చిటికెడు ఉప్పు కలుపుకోవాలి, లేదా ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకోవాలి. పరుగు గంటన్నర దాటేవారు గంటకు 30 గ్రాములకు తగ్గకుండా పిండిపదార్థం తీసుకోవాలి. ఒక పెద్ద అరటిపండు దాదాపు అంత ఇస్తుంది. పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది: తగ్గిన ప్రతి కిలో దాదాపు లీటరు చెమటకు సమానం.

లాసన్స్ బే దాటాక శక్తి మిగిలి ఉంటే చివరి రెండు మూడు కిలోమీటర్లు కొంచెం వేగం పెంచవచ్చు. లేకపోతే ఉన్న వేగాన్నే నిలుపుకోవాలి. ముగించిన వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడిచి, గంటలోపు ఇడ్లీ, గుడ్డు వంటివి తిని, మరునాడు పూర్తి విశ్రాంతి గానీ తేలికపాటి నడక గానీ పెట్టుకోవాలి.