లినక్స్ ఫోన్‌లోకి మన డెస్క్‌టాప్ అప్లికేషన్ – 3వ పాఠం: ఒక విండో, రెండు పేజీలు

గత పాఠం పూర్తి చేసినవాళ్ల దగ్గర ‘పడవల చిట్టా’ జీటీకే 4 (విండోలు, బటన్లు గీసిపెట్టే టూల్‌కిట్) మీద బిల్డ్ అయి, ల్యాప్‌టాప్‌లో మునుపటిలాగే నడుస్తూ ఉండాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక కమీషన్ వ్యాపారి గుమస్తా వాడుకునేలా ఊహించి రాసుకున్న అప్లికేషన్ ఇది. ఎడమవైపు పడవల జాబితా ఉంటుంది. కుడివైపు ఆ పడవ తెచ్చిన సరుకు: వంజరమా, చందువానా, రొయ్యా, ఎన్ని కిలోలు, పాట ఎంతకు పోయింది. టేబుల్ ముందు కూర్చున్న మనిషికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ పాట జరిగేది తెల్లవారుజామున, జెట్టీ మీద. అక్కడ నిలబడి, తడి చేత్తో, ఒక్క బొటనవేలితో రాసుకోవాలి.

ముందు జాగా ఎంతుందో చూద్దాం. పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 అనే రెండు లినక్స్ ఫోన్ల స్క్రీనూ 720×1440 పిక్సెళ్లే. అంత చిన్న స్క్రీన్ మీద అక్షరాలు కంటికి ఆనాలంటే స్కేల్ 2 పెట్టాలి, అంటే అన్నీ రెండింతలుగా చూపించాలి. అప్పుడు అప్లికేషన్‌కు మిగిలే వెడల్పు 360. అందులో రెండు పలకలు పక్కపక్కన ఇమడవు. ఫాంట్ తగ్గించి ఇరికిద్దామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ దారి పట్టకండి. చదవలేని లెక్క, నొక్కలేని బటన్ ఉన్నా లేనట్టే. పక్కపక్కన ఉన్నవాటిని ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. పోర్టింగ్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను మరో పరికరానికి తెచ్చుకోవడంలో, అసలు పని ఇదే.

2005లో నోకియా 770 అనే చిన్న టాబ్లెట్ వచ్చినప్పుడు కూడా జీటీకే అప్లికేషన్లను ఇలాగే తెచ్చుకునేవాళ్లు. దాని మాయెమో వ్యవస్థలో హిల్డన్ అనే టూల్‌కిట్ ఉండేది. మామూలు విండో తీసేసి హిల్డన్ విండో పెట్టాలి, మెనూబార్ మొత్తాన్ని ఒకే మెనూలోకి మడవాలి. ఆ మార్పులు చేసిన కోడ్ మళ్లీ డెస్క్‌టాప్‌లో పనికిరావాలంటే రెండు రకాలుగా రాసుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఆ బాధ లేదు. జీటీకే 4 మీద నడిచే లిబ్‌అద్వైత అనే లైబ్రరీ 1.4 (2023 సెప్టెంబర్)లో వచ్చిన బ్రేక్‌పాయింట్లతో ఒకే ప్రోగ్రామ్ వెడల్పును బట్టి తన రూపం మార్చుకోగలదు. కాబట్టి ఫోన్ కోసం విడిగా బ్రాంచ్ (కోడ్‌కు వేరే ప్రతి) తెరవకండి.

ఇక కోడ్‌లోకి వద్దాం. పాత విండో స్థానంలో అద్వ్-అప్లికేషన్-విండో పెట్టండి. దీనికి విడిగా టైటిల్‌బార్ పెట్టే వీల్లేదు, సెట్-టైటిల్‌బార్ అని ఎక్కడున్నా తీసేయండి. లోపలి విడ్జెట్‌ను (విండోలో కనిపించే భాగాన్ని) కూడా చైల్డ్‌గా కాదు, కంటెంట్‌గా ఇవ్వాలి. తర్వాత రెండు పలకలను పట్టి ఉంచిన జీటీకే-పేన్డ్‌ను తీసేసి నావిగేషన్-స్ప్లిట్-వ్యూ పెట్టండి. జాబితా సైడ్‌బార్‌లోకి, సరుకు వివరాలు కంటెంట్‌లోకి వెళ్తాయి. ఒక్కో దాన్నీ నావిగేషన్-పేజీలో పెట్టి టైటిల్ ఇవ్వండి, లోపల టూల్‌బార్-వ్యూ, దాని పైన హెడర్‌బార్. హెడర్‌బార్ రెండింటికీ ఉండాలి. ఫోన్‌లో వెనక్కి వెళ్లే బాణం రెండో పేజీ హెడర్‌బార్‌లో దానంతటదే వస్తుంది, మనం రాయక్కర్లేదు.

ఇప్పుడు బ్రేక్‌పాయింట్, అంటే ఏ వెడల్పు దగ్గర రూపం మారాలో చెప్పే హద్దు. కండిషన్ ‘మాక్స్-విడ్త్: 500ఎస్‌పీ’, అది నిజమైనప్పుడు స్ప్లిట్-వ్యూ కొలాప్స్‌డ్ (ఒంటి పేజీ రూపం) ట్రూ కావాలి. పిక్సెళ్లు కాకుండా ఎస్‌పీ ఎందుకంటే, అది అక్షరాల సైజుతో పాటు పెరుగుతుంది. చత్వారం వచ్చిన గుమస్తా అక్షరాలు పెద్దవి చేసుకున్నాడనుకోండి, విండో ఇంకొంచెం ముందే ఒంటి పేజీలోకి మారుతుంది. ఇంకో సంగతి: బ్రేక్‌పాయింట్ పెట్టిన విండోకు కనీస సైజు దానంతటది రాదు. విడ్త్-రిక్వెస్ట్ 360, హైట్-రిక్వెస్ట్ 200 అని మీరే ఇవ్వాలి.

రన్ చేసి, ల్యాప్‌టాప్‌లోనే విండోను మౌస్‌తో ఇరుకు చేయండి. జాబితా ఒక్కటే మిగలాలి. ఒక పడవ మీద నొక్కండి. ఏమీ జరగదు! టెన్షన్ పడకండి. వెనక పేజీలో ఆ పడవ వివరాలు నిండే ఉంటాయి, దాన్ని ముందుకు తెమ్మని మనం చెప్పలేదంతే. వరుసను నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్ చివర స్ప్లిట్-వ్యూ షో-కంటెంట్‌ను ట్రూ చేయండి.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. పడవ తెరిచి, బాణంతో వెనక్కి వచ్చి, మళ్లీ అదే పడవను నొక్కి చూడండి. ఈసారి తెరుచుకోకపోతే మీ కోడ్ ‘రో-సెలెక్టెడ్’ సిగ్నల్ (ఎంపిక మారినప్పుడు వచ్చే కబురు) మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ వరుస ముందే ఎంపికై ఉంది, ఎంపిక మారలేదు, కాబట్టి సిగ్నల్ రాదు. డెస్క్‌టాప్‌లో రెండు పలకలూ కళ్లముందే ఉంటాయి కనుక ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించదు. ‘రో-యాక్టివేటెడ్’కు మార్చండి. నొక్కిన ప్రతిసారీ అది వస్తుంది.

కుడి పలకలోని కాలమ్-వ్యూ పట్టిక ఫోన్‌లో పనికిరాదు. నాలుగు నిలువు వరుసలను 360లో చూపిస్తే చేప పేరు సగం తెగుతుంది. లిస్ట్-బాక్స్‌లో యాక్షన్-రో వాడండి: చేప పేరు టైటిల్, కిలోలూ కిలో ధరా సబ్‌టైటిల్, మొత్తం సొమ్ము కుడి చివర. నాకైతే ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే హాయిగా అనిపించింది, పట్టికను పూర్తిగా తీసేశాను.

రైట్‌క్లిక్ మెనూ ఉన్నచోట లాంగ్-ప్రెస్ జెశ్చర్ కూడా జోడించండి. కానీ నిలబడి పనిచేసే మనిషి వేలు అదిమిపట్టి చూస్తాడని నమ్ముకోవద్దు. రోజూ కావాల్సిన పనికి కనబడే బటన్ ఉండాలి. మౌస్ పైకి తెస్తే వచ్చే టూల్‌టిప్‌లో ముఖ్యమైన సమాచారం ఏదైనా దాచి ఉంటే బయటికి తీయండి, వేలికి హోవర్ లేదు.

ఖాళీ పేజీ సంగతి కూడా చూసుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ సరుకు జాబితా ఖాళీ. డెస్క్‌టాప్‌లో పక్కన జాబితా ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు. ఫోన్‌లో మాత్రం తెల్లటి స్క్రీన్ కనిపించి, ప్రోగ్రామ్ ఆగిపోయిందేమో అనిపిస్తుంది. స్టేటస్-పేజీ పెట్టి ‘ఈ పడవకు ఇంకా సరుకు రాయలేదు’ అని చూపించండి, కిందే ‘సరుకు రాయి’ బటన్.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. ‘సరుకు రాయి’ ఫారంలోని కిలోల పెట్టెకు ఇన్‌పుట్-పర్పస్ ‘నంబర్’ అని ఇచ్చి, ఫారం మొత్తాన్ని స్క్రోల్డ్-విండోలో పెట్టండి. ఫోన్‌లో కీబోర్డు పైకి లేచినప్పుడు ‘సేవ్’ బటన్ ఎక్కడికి పోతుందో చూసి రాసుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే.