అటక మీది పాత కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేయడం ఎలా?

2000 సంవత్సరానికి అటూ ఇటూ కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్ మీ ఇంట్లోనూ ఏ అటక మీదో ఉండే ఉంటుంది. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు కిందికి దింపగానే ఎవరికైనా ప్లగ్గు పెట్టి చూద్దామనే అనిపిస్తుంది. కాస్త ఆగండి. ఇరవై ఏళ్ళు కదలని యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇస్తే అది కాలిపోవచ్చు. డబ్బా పోయినా ఫర్వాలేదు గానీ, అందులో ఉన్న పాత ఫోటోలు, నాన్నగారు టైప్ చేసుకున్న కాగితాలు మళ్ళీ రావు. అందుకే ముందు హార్డ్ డిస్క్ పని చూడండి, ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

1. విప్పి, హార్డ్ డిస్క్ బయటికి తీయండి

స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. పక్క మూత తీయగానే దుమ్ము రేగుతుంది, కాబట్టి ఈ పని వరండాలో పెట్టుకోండి. మెత్తటి బ్రష్షుతో దులపండి. కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే వెండిరంగు ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. దాని లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు.

హార్డ్ డిస్క్‌కు రెండు వైర్లు ఉంటాయి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ 40 పిన్నుల ఐడీఈది (డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత పద్ధతి), నాలుగు పిన్నులది పవర్‌ది. రెండూ నెమ్మదిగా లాగి, డిస్క్ స్క్రూలు విప్పితే చేతికి వస్తుంది.

2. ఫైళ్ళు కాపీ చేసుకోండి

'ఐడీఈ టు యూఎస్‌బీ' కన్వర్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే కొనండి. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌కు 12 వోల్టులు కూడా కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. డిస్క్ వెనక పిన్నులకు తొడిగి ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క, అంటే జంపర్‌ను 'మాస్టర్' అనే స్థానంలో పెట్టండి. ఏ స్థానమో డిస్క్ మీది స్టిక్కర్‌పై బొమ్మ ఉంటుంది. వైర్లన్నీ తగిలించాకే పవర్ ఇవ్వండి.

విండోస్ 98 కాలం డిస్కుల్లో ఫైళ్ళు భద్రపరిచే పద్ధతి సాధారణంగా ఫ్యాట్32, దాన్ని ఇప్పటి ల్యాప్‌టాప్‌లు కూడా చదువుతాయి. డిస్క్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ 'ఓకే' నొక్కకండి. లోపల టక్ టక్ మని శబ్దం వస్తుంటే వెంటనే పవర్ తీసేయండి. ఇక అది డేటా రికవరీ వాళ్ళు చూడాల్సిన పని.

తెలుగు ఫైళ్ళ దగ్గర ఒక తిరకాసు ఉంది. అప్పట్లో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు తయారుచేయడం) అంటే అను ఫాంట్లు, శ్రీలిపి. అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ కావు. కాబట్టి ఇంట్లో వేసిన పెళ్ళి శుభలేఖ కూడా ఇప్పటి కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. ఫైలు పాడైందని తీసేయకండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.

3. బోర్డును పరీక్షించండి

డబ్బా లోపలి పెద్ద సర్క్యూట్ బోర్డే మదర్‌బోర్డు. దాని మీద నిలబడి ఉండే చిన్న గొట్టాలే కెపాసిటర్లు. వాటి నెత్తి బల్లపరుపుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆన్ చేయకండి. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు నాసిరకం కెపాసిటర్లతో వచ్చిన బోర్డులు చాలానే ఇలా పాడయ్యాయి. మెకానిక్ చేత మార్పించుకోవచ్చు.

బిళ్ళలాంటి బ్యాటరీ సీఆర్2032. ఇది ఇప్పటికీ వాచీ షాపుల్లో దొరుకుతుంది, కొత్తది వేయండి. మెమరీ పలక, అంటే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టండి. మన మెకానిక్కులందరూ మొదట చేసే వైద్యం ఇదే!

ఎస్‌ఎంపీఎస్ వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 230 దగ్గర ఉందో లేదో చూడండి. 115 దగ్గర ఉంచి ప్లగ్గు పెడితే ఢాం అంటుంది.

4. వెనక పోర్టులు గుర్తుపట్టండి

నాకైతే అసలు ముచ్చట ఇక్కడే. ఇప్పుడు అన్నింటికీ ఒకటే యూఎస్‌బీ. అప్పుడు ఒక్కో పనికి ఒక్కో రూపం. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి తెచ్చిన పీసీ 99 ప్రమాణంతో వాటికి రంగులొచ్చాయి. ఊదా రంగు కీబోర్డుకి, ఆకుపచ్చది మౌస్‌కి. ఈ రెండూ పీఎస్/2 పోర్టులు, 1987లో ఐబీఎం తెచ్చినవి. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా వీటిని పీకకూడదు, పెట్టకూడదు. అంతకంటే పాత కీబోర్డుకు లావుపాటి గుండ్రని పిన్ను ఉంటుంది.

నీలం రంగుది మానిటర్‌కు వెళ్ళే వీజీఏ. మూడు వరసల్లో 15 రంధ్రాలు. కేబుల్‌లో ఒక పిన్ను లేకపోతే కంగారుపడకండి, తొమ్మిదో పిన్ను లేకుండానే చాలా కేబుళ్ళు వస్తాయి. సౌండ్ కార్డు మీద 15 రంధ్రాలే రెండు వరసల్లో ఉంటే అది జాయ్‌స్టిక్‌ది. 9 పిన్నులు బయటికి కనిపించేది సీరియల్ పోర్టు, బయట పెట్టే మోడెమ్ దీనికే తగిలించేవారు. 25 రంధ్రాల పొడవాటిది ప్రింటర్‌ది.

ఇంతకంటే ముందు తరం ఇంటి కంప్యూటర్లకు ఇవేవీ లేవు. ఇంగ్లండ్‌లోని సింక్లెయిర్ కంపెనీ లైసెన్సుతో 1980లలో మన దేశపు కంపెనీ ఒకటి తెచ్చిన డీబీ స్పెక్ట్రమ్‌కు ఇంటి టీవీయే మానిటర్. మెమరీ 48 కేబీ. ప్రోగ్రాములు టేప్‌రికార్డర్ క్యాసెట్ నుంచి కీచుమంటూ ఎక్కేవి.

5. ఇక ఆన్ చేయండి

మొదటిసారి హార్డ్ డిస్క్ లేకుండానే ఆన్ చేయండి. వాసన గానీ పొగ గానీ వస్తే వెంటనే ప్లగ్గు లాగేయండి. కుయ్ కుయ్ మని ఆగకుండా అరుస్తుంటే చాలాసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోలేదనే అర్థం. పాత మానిటర్ పనిచేయకపోతే మూత విప్పకండి, ఆపేశాక కూడా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. వీజీఏ ఉన్న ఎల్‌సీడీ మానిటర్ వాడండి. హెచ్‌డీఎంఐ టీవీకి పెట్టాలంటే వట్టి కేబుల్ పనికిరాదు, చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి.

తెర మీద అక్షరాలు వచ్చాక డిలీట్ కీ నొక్కితే చాలా బోర్డుల్లో బయోస్, అంటే బోర్డు సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. తేదీ సరిచేసి, ఆఫ్ చేసి, హార్డ్ డిస్క్ తిరిగి పెట్టండి. విండోస్ 98కు పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతుంది, ఫైళ్ళు ఎలాగూ తీసుకున్నారు కాబట్టి దాంతో కుస్తీ పడక్కర్లేదు. ఇంటర్నెట్‌కు మాత్రం కలపకండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కూడా ఉంటే అన్నీ ఆఫ్ చేసి దాన్ని 25 రంధ్రాల పోర్టుకు తగిలించండి. ఎండిపోయిన రిబ్బన్ మార్చి, ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర డాస్‌లో ఫైళ్ళ జాబితాను ప్రింటర్‌కు పంపండి. పక్కింటివాళ్ళు నిద్రపోయే వేళ మాత్రం వద్దు.