ఎస్‌డీ ఇమేజ్‌లో డేటా పార్టిషన్‌ను ఖాళీగానే పంపండి

భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఆక్సిజన్ కొలిచే లినక్స్ బాక్సులు పెట్టేవాళ్లకి ఓ చిన్న మాట. టెస్ట్ చేసిన బాక్సులోని ఎస్‌డీ కార్డునే ఇమేజ్‌గా (కార్డు మొత్తానికి నకలు ఫైల్‌గా) కాపీ కొట్టి మిగతావాటికి ఎక్కించొద్దు. ఒక్కసారి బూట్ అయిందంటే అందులో మెషిన్-ఐడీ (ఒక్కో బాక్సుకి వేరుగా ఉండాల్సిన గుర్తింపు సంఖ్య), ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు బాక్సును గుర్తుపట్టే కీలు), ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ సంఖ్యల తయారీకి వాడే డేటా), పాత లాగులు అన్నీ చేరిపోతాయి.

వీటిలో బాగా ఏడిపించేది మెషిన్-ఐడీ. నెట్‌వర్క్ సంగతి చూసే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే ప్రోగ్రామ్, ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీకి చెప్పే గుర్తింపు మామూలుగా దీన్నుంచే తయారవుతుంది. రెండు బాక్సులకి ఒకటే ఐడీ ఉంటే రౌటర్ రెంటికీ ఒకటే ఐపీ ఇస్తుంది. ఒకటి కనిపిస్తే ఇంకోటి మాయం. మనమేమో సిగ్నల్‌ని తిట్టుకుంటూ గట్టు మీద యాంటెన్నా తిప్పుతుంటాం!

అందుకే రూట్‌ను (సిస్టమ్ ఫైళ్లుండే భాగాన్ని) రీడ్-ఓన్లీగా, అంటే చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టి, రాయడానికి వీలున్న డేటా పార్టిషన్‌ను (కార్డులో వేరుచేసిన ఇంకో భాగాన్ని) ఖాళీగా వదలండి. అందులో కావాల్సిన ఫోల్డర్ల సంగతి మొదటి బూట్‌లో సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. మెషిన్-ఐడీ ఫైల్లో ‘అన్‌ఇనిషియలైజ్డ్’ (uninitialized) అనే ఇంగ్లీషు మాట చిన్న అక్షరాల్లో రాయండి. ఉత్త ఖాళీ ఫైల్ పెట్టినా కొత్త ఐడీ వస్తుంది గానీ, మొదటి బూట్‌కే నడవాలని కండిషన్ పెట్టిన సర్వీసులు నడవవు. ఆ ఫైల్ ఉండే ఈటీసీ (సెట్టింగుల ఫోల్డర్) కూడా రీడ్-ఓన్లీ అయితే ఐడీ ర్యామ్‌లోనే ఉండిపోయి, కరెంటు పోయినప్పుడల్లా మారిపోతుంది. కాబట్టి ఈటీసీకి డేటా పార్టిషన్ నుంచి ఓవర్‌లే (మార్పులు రాసుకునే పై పొర) ఇవ్వండి, అదీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశలోనే, అంటే అసలు రూట్ మొదలయ్యే ముందే.

కార్డులు ఎక్కించే ముందు ఇమేజ్‌ను లూప్ మౌంట్ చేసి, అంటే ఆ ఫైల్‌ను డిస్కులా తెరిచి చూడండి. ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే డేటా పార్టిషన్‌లో, ఫార్మాట్ చేసినప్పుడు దానంతటదే వచ్చే లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.