హెల్ లెట్ లూజ్: ఆరుగురు కలిసి ఆడితే ఎవరేం చెయ్యాలి

హెల్ లెట్ లూజ్ అనే కంప్యూటర్ యుద్ధపు ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్ల తొలి గంట దాదాపు ఒకేలా గడుస్తుంది. ట్రక్కు దిగి పరుగెత్తడం, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని గుండుకి పడిపోవడం, ఎక్కడో వెనకుండే హెడ్‌క్వార్టర్స్‌లో లేచి మళ్లీ ఆ పొలాలన్నీ అడ్డంపడి పరుగెత్తడం. తప్పు గురిలో ఉందనుకుని రైఫిల్ మారుస్తారు, మౌస్ సెట్టింగులు మారుస్తారు. తప్పు అక్కడ లేదు. చచ్చాక ఎక్కడ లేస్తున్నారన్నదే ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద సంగతి. లేచే చోటు కట్టడం వచ్చిన ఆరుగురు, గురి బాగా కుదిరిన ఇరవైమంది కన్నా జట్టుకి ఎక్కువ పనికొస్తారు.

ఆట రెండో ప్రపంచ యుద్ధానిది. 2019లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడటానికి, వచ్చి, 2021 జూలైలో పూర్తిగా విడుదలైంది. పక్కకి 50 మంది చొప్పున నూరుమంది ఆడతారు. కారంటాన్, ఫోయ్, ఒమాహా బీచ్, స్టాలిన్‌గ్రాడ్, కుర్స్క్ లాంటి, నిజంగా పోరు జరిగిన నేలలే మ్యాపులు. వార్‌ఫేర్ అనే పద్ధతితో మొదలుపెట్టండి. అందులో మ్యాపు వరసగా ఐదు సెక్టార్లు. ఇటు రెండు మనవి, అటు రెండు వాళ్లవి, నడిమిది ఎవరిదీ కాదు. వరస తప్పించి పట్టుకోవడం కుదరదు. ఐదూ పట్టినవాళ్లు అక్కడికక్కడే గెలిచినట్టు. లేదంటే 90 నిమిషాలు అయ్యేసరికి ఎవరి చేతిలో ఎక్కువ సెక్టార్లుంటే వాళ్లది ఆట.

ముందు కంప్యూటరూ కరెంటూ

ర్యామ్ 12 జీబీ కనీసం, 16 ఉంటేనే సుఖం. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 స్థాయిదైతే మంచిది. ఆటని పాత హార్డ్ డిస్కులో కాకుండా ఎస్‌ఎస్‌డీలో వేసుకోండి. లోడింగ్ ఆలస్యమైతే మీరొచ్చేసరికి మొదటి ట్రక్కు వెళ్లిపోయి ఉంటుంది.

నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ల్యాప్‌టాప్‌కి అసలు శత్రువు వేడి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆడితే అరగంటకే ప్రాసెసర్ కాగిపోయి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది, అది నెట్ తప్పనుకుంటారు. ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు వేళ్ల ఎత్తు లేపి పెట్టండి, ఫ్రేమ్ రేటుని 60 దగ్గర కట్టెయ్యండి, నీడల సెట్టింగు తగ్గించండి. పరుపు మీద పెట్టి మాత్రం ఆడొద్దు.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ వైఫై రూటర్ ఆరిపోతుంది, దాంతో సర్వర్ నుంచి బయటపడతారు. ఇన్వర్టర్ లైను లేని గదిలో ఆడేవాళ్లు రూటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చుకోవాలి. రూటర్ అడుగున స్టిక్కర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. అవి చూసుకునే కొనండి. చాలావాటికి 12 వోల్టులు. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తి వేగంతో నడవదు, కాబట్టి కరెంటు వచ్చేదాకా ముందు వరసలో తుపాకీ పట్టుకోకుండా వెనక పెట్టెలు మోసే పని తీసుకోండి. వాయుగుండాల రోజుల్లో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు నెలల్లో, ఇది గుర్తుంచుకోవాలి.

సర్వర్ల జాబితాని పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) వరసలో పెట్టుకుని చూడండి. 100 లోపు హాయిగా ఆడొచ్చు. 150 దాటితే గోడ చాటుకి చేరామనుకున్నాక కూడా పడిపోతుంటారు, ఎందుకంటే సర్వర్ లెక్కలో మీరింకా బయటే ఉన్నారు. వీలైతే వైఫై వద్దు, ల్యాన్ వైరే వెయ్యండి.

ఆరుగురి పంపకం

పదాతి స్క్వాడ్‌కి ఆరుగురు. ఆఫీసర్ (స్క్వాడ్ నాయకుడు), సపోర్ట్, మెడిక్, మెషిన్ గన్నర్, యాంటీ ట్యాంక్, ఇంజనీర్ అని పంచుకుంటే ఏ లోటూ ఉండదు. ఒకరు ముందు సర్వర్‌లోకి వెళ్లి స్క్వాడ్ తెరిచి తాళం వేసి పెట్టాలి. తక్కినవాళ్లు వచ్చాక తాళం తీసి ఎక్కించుకోవాలి. ఆట మధ్యలో వస్తే ముగ్గురు ఇటూ ముగ్గురు అటూ పడతారు, కాబట్టి మ్యాపు మారే సమయానికి చేరండి.

అందరూ మెషిన్ గన్ కావాలంటారు, సపోర్ట్ ఎవరికీ అక్కర్లేదు. నిజానికి ఆఫీసర్ తర్వాత అంత విలువైనవాడు సపోర్టే. అతని వెంట ఉండే సప్లై పెట్టెలో, లేచే చోట్లు కట్టడానికి ఖర్చయ్యే సప్లైలు 50 ఉంటాయి. ఆఫీసర్, సపోర్ట్ కాడికి కట్టిన ఎడ్ల జతలాగా పక్కపక్కనే నడవాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ లాగితే బండ కదలదు.

మ్యాపుని ఎకరాల్లో చూడండి

మ్యాపు పొడవు రెండు కిలోమీటర్లు, వెడల్పు రెండు. అంటే దగ్గర దగ్గర వెయ్యెకరాలు. అడ్డంగా ఏ నుంచి జే దాకా అక్షరాలు, నిలువుగా 1 నుంచి 10 దాకా అంకెలు. ఒక్కో గడి 200 మీటర్లు, సుమారు పదెకరాల చెక్క. ఒక్కో గడిలో మళ్లీ తొమ్మిది చిన్న గడులు, ఒక్కోటి ఎకరం కన్నా రవ్వంత పెద్దది. మాగాణి చూసిన కంటికీ రొయ్యల గుంటల గట్ల మీద నడిచిన కాలికీ ఈ కొలత ఇట్టే తెలుస్తుంది. "శత్రువు ఫలానా చిన్న గడిలో ఉండాడు" అంటే ఒక ఎకరంలో వెతకమని చెప్పినట్టే.

ఆ తొమ్మిది గడుల అంకెలు ఫోను వరసలో ఉండవు. కంప్యూటర్ కీబోర్డు కుడిపక్క నంబర్ల వరసలో, 7, 8, 9 పైన, 1, 2, 3 కింద ఉంటాయి. ఫోను అలవాటుతో చెబితే ఉత్తరాన ఉన్నవాణ్ణి దక్షిణాన ఉన్నాడని చెప్పినవాళ్లవుతారు, జట్టు మొత్తానికీ నాయకుడైన కమాండర్ వేయించే బాంబులు ఖాళీ పొలంలో పడతాయి.

గారిసన్ కట్టడం

గారిసన్ అంటే జట్టులో ఎవరైనా లేవగలిగే చోటు. ఒక జట్టుకి ఎనిమిది దాకా ఉండొచ్చు. చాలా ఓటముల్లో చివరి పావుగంట మ్యాపు తెరిచి చూస్తే రెండో మూడో కనిపిస్తాయి.

కట్టే పద్ధతి ఇది. ఆఫీసర్ మ్యాపు తెరిచి అతి దగ్గరి గారిసన్ ఎక్కడుందో చూస్తాడు. రెండింటి మధ్య 200 మీటర్లుండాలి, అంటే ఒక పూర్తి గడి. కంచె చాటో ఇంటి వెనకో చదునైన చోటు ఎంచుకుని సపోర్ట్‌ని పెట్టె దించమంటాడు. చేతిలోకి వాచీ తీసుకుని, వచ్చే చక్రంలో గారిసన్ ఎంచి, పెట్టె పక్కనే నిలబెడతాడు. మన నేల మీద 50 సప్లైలు సరిపోతాయి. శత్రువు చేతిలో ఉన్న నేల మీదైతే 100 కావాలి, అంటే ఒక్క సపోర్ట్ చాలడు. పక్క స్క్వాడ్ సపోర్ట్‌ని పిలవాలి, లేదా కమాండర్‌ని విమానం నుంచి సప్లైలు జారవిడవమని అడగాలి, లేదా సప్లై ట్రక్కు తోలుకుపోవాలి.

పెట్టలేకపోతే నాలుగు కారణాలు చూసుకోండి: ఇంకో గారిసన్ మరీ దగ్గరుంది, పెట్టె దూరంగా పడింది, నేల వాలుగా ఉంది, శత్రువు నేల అని మరిచిపోయి 50తోనే ప్రయత్నిస్తున్నారు.

ఎక్కడ పెట్టాలన్నది కట్టడం కన్నా కష్టం. కొత్త ఆఫీసర్లు స్ట్రాంగ్ పాయింట్ (సెక్టార్‌లో పట్టుకోవాల్సిన ముఖ్యమైన చోటు) నడిబొడ్డునే పెడతారు. శత్రువు చేరేది కూడా అక్కడికే. వాళ్లు దగ్గరికి రాగానే గారిసన్ మూసుకుపోతుంది, అవసరమైన క్షణంలోనే అక్కడ ఎవరూ లేవలేరు. పాయింట్‌కి ఒక గడి అవతల, మూడు దిక్కుల్లో మూడు పెట్టండి. ఒకటి పోయినా రెండు మిగులుతాయి. పెట్టాక అక్కడ ట్రక్కు నిలపొద్దు, గుంపుగా ఉండొద్దు, అక్కణ్ణుంచి కాల్చొద్దు. ట్రక్కు కనిపించిన చోట గారిసన్ ఉంటుందని పాత ఆటగాళ్లందరికీ తెలుసు.

అవుట్‌పోస్ట్ వేరు. అది మన స్క్వాడ్‌కి మాత్రమే, సప్లైలు అక్కర్లేదు, ఆఫీసర్ ఒక్కడే పెట్టేస్తాడు. అందులో 20 సెకన్లకోసారి లేస్తారు, గారిసన్‌లో 40 సెకన్లకోసారి. శత్రువు దాని దగ్గరగా నడిస్తే చాలు పోతుంది. ముందుకు జరిగిన ప్రతిసారీ దాన్నీ జరుపుతుండండి. ఆఫీసర్ ముందు దూకి ప్రాణం పోగొట్టుకోకూడదనేది ఇందుకే. అతను పడితే అవుట్‌పోస్ట్ జరిపేవాడే ఉండడు.

చెప్పే తీరు

కుడి, ఎడమ అనొద్దు. మీ కుడి పక్కవాడికి ఎడమ కావచ్చు. మన ఊళ్లలో దారి అడిగితే "తూర్పు వీధిలోకి పోయి ఉత్తరానికి తిరుగు" అంటారు గదా, ఆటలోనూ అదే మాట్లాడండి. తెర మీద దిక్సూచి ఉంది. 0 ఉత్తరం, 90 తూర్పు, 180 దక్షిణం, 270 పడమర. ముందు దిక్కు, తర్వాత దూరం, తర్వాత ఏముందో: "240, ఎనభై మీటర్లు, పెంకుటింటి తూర్పు కిటికీలో ఒకడుండాడు." అంతే. "అదిగో అక్కడ, చెట్టు దగ్గర!" అని అరిస్తే వెయ్యెకరాల్లో చెట్టుకి కొదవా?

చచ్చాక కేకలు పెట్టొద్దు. ఎక్కణ్ణుంచి తగిలిందో ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. స్క్వాడ్‌లో తెలుగు సరే, తక్కిన 44 మందికి అది అర్థం కాదు. ఆఫీసర్ నాయకుల ఛానల్‌లో చెప్పాల్సింది నాలుగు ఇంగ్లీషు ముక్కలే: "గారిసన్ అప్, హెచ్ ఫైవ్", "నీడ్ సప్లైస్", "ఎనిమీ ట్యాంక్, ఎఫ్ సిక్స్ కీప్యాడ్ టూ", "డిఫెండింగ్". చూసినదాన్ని ఆఫీసర్ మ్యాపు మీద గుర్తు పెడితే ఆ నాలుగు ముక్కలూ రానివాళ్లకి కూడా అందుతుంది.

నడకా తుపాకీ

మన తూటా మనవాడికీ తగులుతుంది. స్క్వాడ్‌వాళ్ల మీద ఆకుపచ్చ గుర్తు, జట్టువాళ్ల మీద నీలం గుర్తు కనిపిస్తాయి. చూసి కాల్చండి. గుండు తగిలిందని తెర మీద గుర్తేమీ రాదు, కాబట్టి వాడు పడ్డాడని కళ్లతో చూసేదాకా నమ్మొద్దు. అమెరికన్ల గారండ్ రైఫిల్‌లో 8 గుళ్లు, జర్మన్ల కార్98కేలో 5. రెండే మిగిలితే కంచె చాటుకి జరిగి నింపుకోండి. కంచె మధ్య సందులోంచి దూరొద్దు, ఆ సందుకి ఎవడో ఒకడు గురిపెట్టి కూర్చునే ఉంటాడు. గట్టు మీదుగా నడిస్తే ఆకాశానికి ఎదురుగా మనిషి నల్లగా కనబడతాడు, గట్టు పక్కన వంగి నడవాలి. బయలు దాటాలంటే ముందు పొగ, తర్వాత పరుగు, అదీ ఒకేసారి ఆరుగురూ.

తలకి తగిలితే మెడిక్ కూడా ఏమీ చెయ్యలేడు. ఒంటికి తగిలి పడితే మెడిక్ దగ్గరలో ఉన్నాడేమో చూసి ఆగండి. తొందరపడి మళ్లీ లేస్తామని నొక్కితే 40 సెకన్లూ నడకా దండగ. మెడిక్ పొగ వెయ్యకుండా ఒంటరిగా పరుగెత్తకూడదు, ఒక శవం రెండవుతుంది.

ట్యాంకు ఎదురైతే ముందు వైపు కాల్చి రాకెట్ పోగొట్టుకోవద్దు. వెనక్కో పక్కకో చేరాలి. అందాకా తక్కినవాళ్లు దాని ముందు కదిలి కళ్లు అటు తిప్పాలి.

ఇంజనీర్ మొదటి పది నిమిషాలు

ఇంజనీర్ యుద్ధానికి పోకుండా వెనక మన నేలలో నోడ్లు, అంటే కమాండర్‌కి వనరులు సమకూర్చే కట్టడాలు, కట్టాలి. మ్యాన్‌పవర్, మ్యూనిషన్స్, ఫ్యూయెల్, మూడు రకాలు. వీటికీ సప్లైలు కావాలి, కాబట్టి సపోర్ట్ కొంతసేపు అతనితో ఉండాలి. ఇవి లేకపోతే కమాండర్‌కి బాంబులకీ భారీ ట్యాంకులకీ వనరులు చాలవు. పాయింట్ల పట్టికలో పెద్దగా కనిపించని పని కాబట్టి ఎవరూ చెయ్యరు. మీ ఆరుగురిలో ఒకరు చేస్తే 50 మందికీ దక్కుతుంది.

పాయింట్ పడిపోయే ముందు

గెలుస్తున్న జట్టు పొరపాటు ఒకటే, అందరూ ముందుకే పోతారు. ఉన్న పాయింట్ దగ్గర ఇద్దరే మిగులుతారు, శత్రువు అటు తిరిగి వచ్చి పట్టేస్తాడు. పట్టే లెక్కలో స్ట్రాంగ్ పాయింట్ వలయం లోపలున్నవాళ్ల బరువు ఎక్కువ, బయట సెక్టార్‌లో ఉన్నవాళ్లది తక్కువ. అందుకే కాపలా కాసేవాళ్లు వలయంలోనే ఉండాలి. పట్టు జారుతోందని తెలియగానే ఆఫీసర్, సపోర్ట్ ఇద్దరూ పోరు వదిలి వెనక సెక్టార్‌కి నడవాలి. మెడిక్, మెషిన్ గన్నర్ వలయంలో నిలబడి వాళ్లకి రెండు నిమిషాలు సంపాదించి పెట్టాలి. పాయింట్ పడేలోపు వెనక గారిసన్ నిలబడి ఉండాలి. అది లేకపోతే 50 మందీ హెడ్‌క్వార్టర్స్‌లో లేచి పొలాలన్నీ మళ్లీ అడ్డంపడి నడవాలి, ఆలోపు ఇంకో సెక్టార్ కూడా పోతుంది.