మోడల్ రాకెట్లు మొదలుపెట్టడం ఎలా?

అట్ట గొట్టం, బల్సా అనే తేలికైన చెక్క, చిన్న పారాచూట్ ఉంటే మోడల్ రాకెట్ తయారవుతుంది. ఎగరేసి, దింపుకుని, మళ్లీ ఎగరేయొచ్చు. పెద్దవాళ్లు పక్కనుంటే బడి పిల్లలు కూడా చేయగలరు. ఒక్క షరతు మాత్రం ఉంది: రాకెట్‌ను ఎగరేసే మండే మందును మీరు కూరకూడదు. ఈ హాబీ పుట్టిందే ఆ షరతు మీద కాబట్టి ముందు కాస్త చరిత్ర చెప్పుకుందాం.

చైనాలో 13వ శతాబ్దానికే రాకెట్లను యుద్ధాల్లో వాడారు. మన దక్షిణాదిలో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాలు ఇనుప గొట్టాల్లో మందు దట్టించి, వెదురు కర్ర కట్టి వదిలేవి. ఇనుము లోపలి ఒత్తిడిని తట్టుకుంటుంది కాబట్టి అవి దూరం పోయేవి. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక ఆ రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. ఇంగ్లండ్‌కు చెందిన విలియం కాంగ్రీవ్ తన యుద్ధ రాకెట్లను రూపొందించడానికి అవే దారి చూపాయి. 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో రాబర్ట్ గొడార్డ్ పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో మొదటి ద్రవ ఇంధన రాకెట్ ఎగరేశాడు. రెండున్నర సెకన్లలో అది 41 అడుగుల ఎత్తుకు వెళ్లింది.

1957 అక్టోబర్‌లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో కుర్రాళ్లకు రాకెట్ల పిచ్చి పట్టుకుంది. చేతికందిన రసాయనాలు పైపుల్లో కూరి, అవి పేలి గాయపడ్డవాళ్లు ఎందరో. దీనికి దారి చూపింది నెబ్రాస్కాలో చెప్పుల షాపు నడిపే ఆర్విల్ కార్లైల్. బాణసంచా అంటే ఇష్టపడే ఆయన, మోడల్ విమానాలు చేసే సోదరుడు రాబర్ట్ కలిసి 1954లోనే ఒక చిన్న రాకెట్ చేశారు. దానికి మోటార్, అంటే మందు నింపిన చిన్న గొట్టం, విడిగా ఉంటుంది. కాలిపోయాక తీసేసి కొత్తది పెట్టుకోవడమే. అమెరికాలోని వైట్ శాండ్స్ రాకెట్ పరీక్షా కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్‌కు కార్లైల్ అలాంటి రాకెట్లను, మోటార్లను పంపాడు. తర్వాత వెర్న్ ఎస్టెస్ అనే అమెరికన్ అలాంటి మోటార్లను యంత్రంతో తయారు చేయడం మొదలుపెట్టాడు. రాకెట్ మనది, మందు ఫ్యాక్టరీది. నా దృష్టిలో ఇది గొడార్డ్ ప్రయోగమంత ముఖ్యమైన మలుపు. ఎందరో పిల్లల చేతులు, కళ్లు దీనివల్లే దక్కాయి.

1. మీరున్న చోట ఏది కుదురుతుందో చూసుకోండి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు హాబీ షాపుల్లో కిట్లు, మోటార్లు దొరుకుతాయి. మన దేశంలో లైసెన్స్ లేకుండా పేలుడు పదార్థాలు తయారు చేయడం నేరం. తారాజువ్వలు విప్పి మందు తీయడం, యూట్యూబ్ చూసి ఇంట్లో కలపడం అసలు చేయొద్దు. అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత మోటార్లు తెప్పించుకునే ఆలోచన కూడా మానుకోండి. విమానంలో వాటిని రానివ్వరు. ఇక్కడున్నవాళ్లు సీసాలోని గాలి ఒత్తిడితో నీళ్లు చిమ్మి ఎగిరే నీటి రాకెట్‌తో మొదలుపెట్టండి, దాని సంగతి చివర్లో ఉంది. మందు లేదన్న మాటే గానీ, నిలకడగా ఎగరడానికి సూత్రాలు రెండింటికీ ఒకటే.

2. గొట్టానికి రెక్కలు అతికించండి

పని మొత్తంలో ఓపిక కావలసింది ఇక్కడే. కాగితం పట్టీ ఒకటి గొట్టం చుట్టూ చుట్టి, కలిసిన చోట గీత పెట్టండి. పట్టీ విప్పి ఆ పొడవును మూడు సమభాగాలు చేసి, మళ్లీ చుట్టి గుర్తులు గొట్టం మీదికి ఎక్కించండి. మూడు రెక్కలు ఎక్కడ రావాలో సరిగ్గా తెలుస్తుంది. గొట్టాన్ని తలుపు చట్రం మూలకు ఆనించి గీస్తే నిలువు గీతలు వంకర పోవు. బల్సా చెక్క కోసేటప్పుడు దాని నార రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే నేలకు తగలగానే పుటుక్కున విరుగుతుంది. ఫెవికాల్ పలచగా రాసి, ఆరాక రెండు వైపులా మూలల్లో ఇంకో పూత వేయండి.

3. నిలకడ పరీక్ష తప్పకుండా చేయండి

గొడార్డ్ మొదటి రాకెట్‌లో ఇంజిన్ పైన, ట్యాంకులు కింద ఉండేవి. పైనుంచి లాగితే తిన్నగా పోతుందని ఆయన అంచనా. అలా జరగదని తేలాక ఇంజిన్‌ను కిందికి మార్చాడు. రాకెట్‌ను తిన్నగా ఉంచేది బరువుకూ గాలికీ మధ్య సంబంధం. గరిమనాభి (బరువంతా సమతూకమయ్యే చోటు) ముందుకు, గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపుడంతా పనిచేసినట్టుండే చోటు) వెనక్కు ఉండాలి. రెంటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం కావాలి. తారాజువ్వకు కట్టే కర్ర చేసే పనే ఇక్కడ రెక్కలు చేస్తాయి.

మోటార్, పారాచూట్ పెట్టి రాకెట్‌ను దారంతో వేలాడదీయండి. అటూ ఇటూ వాలకుండా నిలిచిన చోటే గరిమనాభి. అక్కడే దారం టేపుతో బిగించి, మీ తల చుట్టూ గుండ్రంగా తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, గిరగిరా తిరిగినా ముక్కులో కాస్త మట్టి ముద్ద పెట్టి మళ్లీ చూడండి. ఇందులో నెగ్గని రాకెట్‌ను ఎగరేయొద్దు. అది జనం మీదికి తిరగొచ్చు.

4. మోటార్ మీద రాసింది చదవండి

ఉదాహరణకు బీ6-4. మోటార్ మండినంతసేపూ ఇచ్చే తోపుడు మొత్తం ఎంతో అక్షరం చెబుతుంది, ఒక్కో అక్షరం ముందుకెళ్తే దాని గరిష్ఠ పరిమితి రెట్టింపు. 6 అంటే సగటు తోపుడు 6 న్యూటన్లు (బలానికి కొలత). 4 అంటే మందు అయిపోయిన 4 సెకన్లకు పారాచూట్ బయటికొస్తుంది. మొదటిసారి ఏ లేదా బీ చాలు, అదీ కిట్ మీద సూచించినదే. పారాచూట్ కాలకుండా దాని కింద మంట అంటుకోని ప్రత్యేక కాగితం పెట్టడం మర్చిపోవద్దు.

5. ఎగరేయడం

ఎండుగడ్డి, కరెంటు తీగలు లేని మైదానం కావాలి. బీ మోటార్‌కు కనీసం 200 అడుగులు, సీ అయితే 400 అడుగుల వెడల్పు ఉండాలి. గాలి ఎక్కువుంటే ఇంకో రోజు చూసుకోండి. అగ్గిపుల్లతో అంటించడం ఉండదు. బ్యాటరీతో, కనీసం 15 అడుగుల దూరం నుంచి, గట్టిగా లెక్కపెట్టి బటన్ నొక్కాలి. అంటుకోకపోతే తొందరపడొద్దు. బటన్ పెట్టెకుండే భద్రతా తాళంచెవి తీసేసి లేదా బ్యాటరీ కనెక్షన్ విప్పేసి, నిమిషం ఆగాకే దగ్గరికెళ్లండి. కరెంటు తీగకు చిక్కితే ఆ రాకెట్‌ను వదిలేయండి.

నీటి రాకెట్ అయితే

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసానే వాడండి, అది ఒత్తిడికి ఆగేలా చేసింది. మంచినీళ్ల సీసా పనికిరాదు. అట్ట రెక్కలు, ముక్కు పెట్టి, మూడో వంతు నీళ్లు పోయండి. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే సూది గుచ్చిన రబ్బరు బిరడా బిగించి, మూతి కిందికి వచ్చేలా స్టాండు మీద నిలపండి. పొడవాటి ట్యూబుతో దూరం నుంచి సైకిల్ పంపు కొట్టండి. బిరడా ఊడగానే నీళ్లు కిందికి, సీసా పైకి. ఊడకపోతే సీసా మీదికి వంగి చూడకండి. దూరం నుంచే పంపు దగ్గర ట్యూబు విప్పి గాలి పోనివ్వండి. తర్వాత నీళ్లు పావు వంతు పోసి ఒకసారి, సగం పోసి ఒకసారి ఎగరేయండి. ఎత్తులో తేడాను పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి.