చారిత్రక హోటల్ కొత్త యాజమాన్యం చేతికి వెళ్లినప్పుడు పాత నివాసులు ఏం చేయాలి?

న్యూయార్క్ మాన్‌హాటన్‌లోని వెస్ట్ 23వ వీధిలో ఉన్న చెల్సీ హోటల్ 1884లో సహకార పద్ధతిలో నడిచే నివాస భవనంగా మొదలై, 1905లో హోటల్‌గా మారింది. కవి డిలన్ థామస్, నాటక రచయిత ఆర్థర్ మిల్లర్, గాయకుడు లియొనార్డ్ కోహెన్ వంటివారు అక్కడ కాపురం ఉన్నారు. కళాకారుల అద్దె బాకీలను ఓపికగా భరిస్తూ, దశాబ్దాల పాటు హోటల్‌ను నడిపిన స్టాన్లీ బార్డ్‌ను 2007లో హోటల్ యజమానుల బోర్డు తప్పించింది. 2011లో భవనం అమ్ముడుపోయింది, అతిథులను తీసుకోవడం ఆగిపోయింది, మెట్ల గోడల మీది చిత్రాలను దింపేశారు. 2016లో మరో యాజమాన్యం వచ్చింది. 2022లో హోటల్ మళ్లీ తెరుచుకునే దాకా పాత నివాసులలో కొందరు మరమ్మతుల దుమ్ములో, చప్పుడులో, తమ గదులు వదలకుండా నిలబడ్డారు. వారిని నిలబెట్టినది భవనానికి ఉన్న కీర్తి కాదు, అద్దె చట్టం. మీరు న్యూయార్క్‌లో అలాంటి పాత హోటల్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నవారైతే, యాజమాన్యం మారిందన్న కబురు అందిన రోజు నుంచే ఆ చట్టాన్ని మీ వైపు నిలుపుకునే పని మొదలుపెట్టాలి.

ముందుగా మీ గదికి రెంట్ స్టెబిలైజేషన్, అంటే అద్దె పెంపును, ఖాళీ చేయించడాన్ని అదుపులో ఉంచే చట్టం, వర్తిస్తుందో లేదో తేల్చుకోండి. భవనం 1969 జూలై 1కి ముందు కట్టినదై, ఆరు లేదా అంతకు మించి గదులు ఉండి, 1968 మే 31 నాటికి మీ గది అద్దె వారానికి 88 డాలర్ల లోపు గానీ నెలకు 350 డాలర్ల లోపు గానీ ఉండి ఉంటే, సాధారణంగా ఆ గది ఈ చట్టం కిందికి వస్తుంది. అటువంటి గదిలో ఉంటున్న వ్యక్తి ఆరు నెలలు లేదా అంతకు మించిన గడువుతో లీజు ఇవ్వమని అడిగితే యజమాని ఇచ్చి తీరాలి, అడిగిన వ్యక్తికి శాశ్వత అద్దెదారు హోదా వస్తుంది. నోటి మాటతో అడగకండి. ఉత్తరం రాసి, చేరినట్టు రుజువు దొరికే తపాలాలో పంపి, నకలు దాచుకోండి. దీనితో పాటు, రాష్ట్ర గృహ విభాగం నుంచి మీ గది అద్దె చరిత్ర తెప్పించుకోండి. పాత యజమానులు ఏ ఏడు ఎంత అద్దె నమోదు చేశారో అందులో ఉంటుంది. కొత్తవారు లెక్క మార్చి చూపినప్పుడు మీ చేతిలో ఉండే మొదటి సాక్ష్యం అదే.

అద్దె మాత్రం ఆపకండి. కోపం వచ్చినప్పుడు ముందు తోచేది అదే, యజమానికి కోర్టు తలుపు తెరిచిపెట్టేదీ అదే. యాజమాన్యం మారిందని, ఇకపై అద్దె ఎవరికి చెల్లించాలో తెలుపుతూ లిఖితపూర్వకమైన నోటీసు వచ్చాకే కొత్త పేరు మీద చెక్కు రాయండి, నగదు ఇవ్వకండి. చెక్కును వారు తీసుకోకుండా తిప్పి పంపితే, ఆ కవరుతో సహా భద్రపరచి, ఆ మొత్తాన్ని ఖర్చు పెట్టకుండా విడిగా ఉంచండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టవలసినది రోజువారీ నమోదు మీద. మరమ్మతుల పేరుతో నీళ్లు ఆగడం, లిఫ్టు పని చేయకపోవడం, చలికాలంలో హీటింగ్ లేకపోవడం, పక్క గది గోడ పగలగొట్టినప్పుడు తలుపు సందులోంచి సున్నపు దుమ్ము వచ్చి వంట గట్టు మీద పొరలా పేరుకోవడం, ఇవన్నీ జరిగిన రోజునే తేదీ, సమయం వేసి ఒక పుస్తకంలో రాయండి. ఫొటో తీసేటప్పుడు దగ్గరగా ఒకటి, ఆ చోటు ఏ గదిదో గుర్తు పట్టేలా దూరం నుంచి మరొకటి తీయండి. పాత భవనాల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దుమ్ము సంగతిని అసలు ఉపేక్షించకండి. నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేసిన ప్రతిసారీ ఫిర్యాదు సంఖ్యను అదే పుస్తకంలో రాసుకోండి. ఆర్నెల్ల తరువాత న్యాయమూర్తి అడిగినప్పుడు "చాలాసార్లు జరిగింది" అనే మాటకు విలువ ఉండదు. సంఖ్యలతో, తేదీలతో ఉన్న పేజీకి ఉంటుంది. సేవలు తగ్గిన మేరకు అద్దె తగ్గించమని రాష్ట్ర గృహ విభాగానికి, మరమ్మతులు చేయించమని, వేధింపులు ఆపించమని హౌసింగ్ కోర్టుకు వెళ్లినా, ఈ పుస్తకమే ఆధారం.

విడి గదులు అద్దెకు ఇచ్చే పాత హోటళ్లలో పెద్ద మార్పులు చేయాలంటే, అద్దెదారులను వేధించలేదని నగర గృహ విభాగం ఇచ్చే ధ్రువపత్రం యజమానికి అవసరమవుతుంది. ఆ విచారణలో అధికారులు నివాసుల మాట కూడా వింటారు. మీ పుస్తకం యజమానిని నేరుగా తాకే చోటు అది. చెల్సీలో కూడా ఈ ధ్రువపత్రం వివాదంలో పనులు ఆగిన సందర్భం ఉంది.

చాలామంది చారిత్రక కట్టడమనే గుర్తింపు మీద ఆశ పెట్టుకుంటారు, అది నన్ను బాధిస్తుంది. చెల్సీ 1966లోనే నగర గుర్తింపు పొందింది. కానీ లోపలి భాగాలను గుర్తించే అధికారం న్యూయార్క్ చట్టంలో 1973లో గానీ చేరలేదు. అందుచేత ఆ గుర్తింపు ఎర్ర ఇటుక ముఖభాగాన్ని, ఇనుప బాల్కనీలను కాపాడింది తప్ప, లోపల ఉన్న మనుషులను కాదు. గుర్తింపు కమిషన్‌కు ఫిర్యాదు చేయండి, కానీ మీ గది దాని వల్ల నిలుస్తుందని అనుకోకండి.

సంఘం పెట్టుకునే హక్కు, భవనంలోని ఉమ్మడి స్థలంలో సమావేశమయ్యే హక్కు రాష్ట్ర చట్టంలో ఉన్నాయి. అందుకు కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధం. అయితే చెల్సీలో నివాసులే రెండుగా చీలారు. పనులు ఆపాలని కొందరు కొట్లాడితే, ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదని మరికొందరు కోరారు. ఇద్దరి బాధా నిజమే. కాబట్టి మొదటి సమావేశంలోనే, అందరికీ సమ్మతమైన కోరికలను, అంటే నీళ్లు, హీటింగ్, దుమ్ము నివారణ, పని వేళల వంటివాటిని, ఒక పత్రంగా రాసి సంతకాలు తీసుకోండి. మిగిలిన అభిప్రాయ భేదాలను ఎవరికి వారు విడిగా పెట్టుకోవచ్చు.

డబ్బు ఇస్తాం, ఖాళీ చేయమని యజమాని మనిషి తలుపు తడితే, కాదనే హక్కు మీకు ఉందని అతడు రాతపూర్వకంగా తెలియజేయాలి. మీరు వద్దని రాతపూర్వకంగా చెబితే 180 రోజుల వరకు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. న్యాయవాది చూడకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ఖాళీ చేయమంటూ కోర్టు నోటీసు వస్తే, రాసి ఉన్న తేదీకి తప్పకుండా హాజరై, ఆదాయం తక్కువగా ఉన్నవారికి 2017 నగర చట్టం కింద లభించే ఉచిత న్యాయవాదిని కోరండి. న్యాయవాది దొరికే వరకు వాయిదా ఇవ్వమని అడగండి. కారిడార్‌లో ఎదుటి పక్షపు న్యాయవాది ముందుపెట్టే ఒప్పందాన్ని ఆ రోజు ఒప్పుకోకండి.